గంధం పూసిన పిస్టల్

జనార్దనరావు పిస్టల్ కొన్నాడని తెలిసినప్పుడు మా బిల్డింగులో ఉన్న రెండు తెలుగు కుటుంబాల్లో ఒక కుటుంబం పడీ పడీ నవ్వింది. ఆ కుటుంబం మాది. రెండోది వాళ్ళది.

నవ్వక ఏం చేస్తాం? జేబులో నెల పాస్ ఉండి కూడా ట్రాములోకి చెకింగ్ వాళ్ళు ఎక్కితే చెమటలు పట్టే మనిషి ఆయన. ఆదివారం పూట గాజు సీసాలు వీధి డబ్బాలో వేస్తే ఆ చప్పుడుకి ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారని, ఖాళీ సీసాలు తువ్వాల్లో చుట్టి సోమవారం దాకా దాచేవాడు. ఏదైనా ఆఫీసు నుంచి కవరు వస్తే ముందు వెలుతురుకి పెట్టి చూసి, తర్వాత ఊర్మిళ వదిన చేత చింపించేవాడు. ఊర్మిళ ఆయన భార్య. నేను ఆవిణ్ణి వదినా అని, ఆయన్ని అన్నయ్యా అని పిలుస్తాను. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళది చీరాల, మాది కరీంనగర్. జర్మనీలో, హానోవర్‌లో ఒకే మెట్ల మీద పైనా కిందా కాపురం ఉంటే చుట్టరికం దానంతటదే కలుస్తుంది.

అన్నయ్య ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పు ఎక్కడుందా అని రోజంతా అనుమానపడటం ఆయన పని. దేవుడు మనిషిని చూసి ఉద్యోగం ఇస్తాడనడానికి నేను ఆయన్నే సాక్ష్యం చూపిస్తాను.

ఇలాంటి మనిషి తుపాకుల దగ్గరికి వెళ్ళింది కూడా భయంతోనే. హానోవర్ చుట్టుపక్కల ఊరూరా ఒక షూటింగ్ క్లబ్బు ఉంటుంది, మన ఊళ్ళలో భజన మండలి ఉన్నట్టు. ఆఫీసులో పక్క సీటు జర్మన్ ఒకతను వాళ్ళ ఊరి క్లబ్బు పండక్కి రమ్మన్నాడు. రానంటే ఏమనుకుంటాడోనని ఈయన వెళ్ళాడు. అక్కడ సాసేజీలు తినడు, బీరు తాగడు, ఊరికే నిలబడితే ఏమనుకుంటారోనని గాలి పిస్టల్ వరసలో నిలబడ్డాడు. వంతు రాగానే ఊపిరి బిగబట్టి, పదిసార్లు సరిచూసుకుని, వణికిపోతూ పేల్చాడు. గుండు నడిమధ్యన పడింది. రెండోదీ అక్కడే పడింది.

ఆ క్లబ్బులో నేర్పే పెద్దాయన పేరు హార్ట్‌ముట్. డెబ్బై దాటిన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు, క్లబ్బే కాపురం. ఆయన వచ్చి ఈయన పక్కన నిలబడి, "భయపడుతున్నావు కదా?" అని అడిగాడు.

"అవునండీ."

"మంచిది. భయం లేనివాణ్ణి నేను ఇక్కడ నిలబడనివ్వను."

పుట్టి బుద్ధెరిగాక జనార్దనరావు భయానికి మార్కులు వేసిన మొదటి మనిషి ఆయనే. ఆ మాట మాకు చెప్పేటప్పుడు అన్నయ్య మొహం ఎలా వెలిగిపోయేదో చూసి తీరాలి. అప్పటినుంచి ప్రతి సోమవారం ఆఫీసు అవ్వగానే క్లబ్బుకి వెళ్ళేవాడు. పరీక్షలు రాశాడు, పోలీసు విచారణ అయింది, లైసెన్సు వచ్చింది. స్టోర్ రూములో గోడకి ఇనప బీరువా బిగించాడు. దాన్ని వీళ్ళు ట్రెసోర్ అంటారు. దాని నంబరు ఇంట్లో ఇంకెవరికీ తెలియకూడదు, భార్యకి కూడా. పిస్టల్ ఉంటే ఆయన చేతిలో ఉండాలి, లేకపోతే ట్రెసోర్‌లో ఉండాలి. మూడో చోటు లేదు. ఒక్క రాత్రి బయట ఉందని తెలిసినా, నువ్వు నమ్మదగిన మనిషివి కాదని రాసి లైసెన్సు తీసేసుకుంటారు. ఆ మాటొకసారి కాగితం మీద పడితే ఎక్కడెక్కడ తగులుతుందో ఎవరికీ తెలియదు. అదే సమయంలో వాళ్ళ కుటుంబం జర్మన్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టి ఉంది. అందుకని అన్నయ్యకి ఆ నియమం వేదవాక్కు.

కరోనా మొదలైన ఏడాది, శరదృతువులో, కొత్త పిస్టల్ ఇంటికొచ్చింది. చిన్న గుండ్లది, పోటీల్లో వాడేది. తెచ్చిన వారమే క్లబ్బులో పేల్చి చూశాడు. ఆ రోజు హార్ట్‌ముట్ రాలేదు, జలుబు చేసి టెస్టు ఫలితం కోసం ఇంట్లో కూర్చున్నాడు. ట్రిగ్గర్ వెన్నలా జారిందని అన్నయ్య మెట్ల మీద నాకు చెప్పాడు. నాకేం అర్థం కాకపోయినా సంతోషించాను.

తర్వాత దసరా వచ్చింది.

ఊర్మిళ వదినకి పూజలంటే ప్రాణం, అందులో రాజీ అంటే ఒళ్ళుమంట. ఆ శనివారం పీట వేసి, అమ్మవారి పటం పెట్టి, ఎదురుగా లాప్‌టాప్, కారు తాళాలు, మిక్సీ గిన్నె, కూతురు మనోజ్ఞ వయొలిన్ పేర్చి, అన్నయ్య వైపు తిరిగింది.

"ఏవండీ, ఆ పిస్టల్ ఇలా పట్టుకురండి."

"దానికెందుకే ఇవన్నీ?"

"ఎందుకేంటండీ, ఆయుధ పూజ. ఇంట్లో నిఖార్సయిన ఆయుధం పెట్టుకుని స్క్రూడ్రైవర్‌కి బొట్టు పెట్టమంటారా? అమ్మవారు నవ్విపోద్ది."

"రూల్స్ ఒప్పుకోవు ఊర్మిళా."

"అమ్మవారి రూల్స్ మాటేంటి మరి? ఊరంతా కరోనా తిరుగుతోంది. ఈ ఏడు పూజలో లోపం చేసి, రేపు మనకేమైనా అయితే అప్పుడేం చేస్తారు?"

ఆవిడకి మొగుడి మీట ఎక్కడుందో తెలుసు. అన్నయ్యకి ప్రభుత్వమంటే భయం, అమ్మవారంటే భయం. ప్రభుత్వం ఊళ్ళో ఎక్కడో ఉంది, అమ్మవారు హాల్లోనే ఉంది. గుండ్లు ట్రెసోర్‌లోనే ఉంచి, ఖాళీ పిస్టల్ తెచ్చి పీట మీద పెట్టాడు.

వదిన చెయ్యి గంధం విషయంలో ధారాళం. పన్నీటిలో కలిపి నిండా పూసింది. పసుపు పెట్టింది, కుంకుమ అద్దింది, గుప్పెడు అక్షింతలు వేసింది. సాయంత్రం తాంబూలానికి నన్నొక్కదాన్నే పిలిచారు, అప్పట్లో అంతకంటే ఎక్కువమంది కూడకూడదు. సూపర్‌మార్కెట్ చామంతుల మధ్య ఆ నల్లటి పిస్టల్ బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. "గిదేంది వదినా, అమ్మవారి ముంగట తుపాకి?" అన్నాను. వదిన గర్వంగా నవ్వింది. అన్నయ్య నవ్వలేదు.

నేను వచ్చేశాక ఆయన పిస్టల్ తీయబోయాడట. వదిన చెయ్యి అడ్డం పెట్టింది. "రేపు ఉద్వాసన చెప్పేదాకా పూజలో పెట్టినవి కదపకూడదండీ. తెలిసీ తెలియనట్టు మాట్లాడతారేంటి." ఆయన దుప్పటి తెచ్చుకుని ఆ పీట పక్కనే సోఫాలో పడుకున్నాడు. తెల్లారి ఉద్వాసన అయ్యాక మెత్తటి గుడ్డతో తుడిచి ట్రెసోర్‌లో పెట్టాడు. తప్పు గడిచిపోయిందనుకున్నాడు.

మర్నాడు సోమవారం. మళ్ళీ లాక్‌డౌన్ వస్తోందని, క్లబ్బు మూసేస్తారని అందరూ చివరిసారిగా వచ్చారు. అన్నయ్య మొదటి గుండు పేల్చబోయేసరికి ట్రిగ్గర్ కదల్లేదు. ఇంకొంచెం లాగితే ఇసుకలో ఈడ్చినట్టు గరగరమంటూ కదిలింది, మధ్యలో ఆగింది, ఉన్నట్టుండి పేలింది. ఆయన బిత్తరపోయి బల్ల మీద పెట్టేశాడు. హార్ట్‌ముట్ వచ్చి దాన్ని ఖాళీ చేసి, రెండుసార్లు ట్రిగ్గర్ లాగి చూశాడు.

"కొత్తది కదా. కొన్ని ఇలాగే గరుగ్గా వస్తాయి. వాడగా వాడగా నునుపెక్కుతుంది. తగ్గకపోతే దుకాణంలో ఇవ్వు, గ్యారంటీ ఉంది."

కిందటి వారం ఇది వెన్నలా జారిందని చెప్పడానికి అన్నయ్య నోరు తెరిచాడు. చెబితే, మరి ఇప్పుడేమైందని అడుగుతాడు. నోరు మూసుకున్నాడు. ఇంటికొచ్చి పిస్టల్‌ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నూనె వాసన కింద సన్నగా గంధం వాసన తగిలింది.

ఆ రోజుతో ఆయన సుఖం పోయింది.

ట్రిగ్గర్ లోపల సుత్తిని పట్టి ఉంచే చిన్న కొక్కెం ఒకటి ఉంటుందట. గంధం సందుల్లోంచి లోపలికి దిగి, అక్కడ ఎండి గట్టిపడింది. కొక్కెం పూర్తిగా పట్టుకోకపోతే ట్రిగ్గర్ ముట్టుకోకుండానే సుత్తి జారిపోవచ్చు. లోపల విప్పి శుభ్రం చేసే అధికారం ఆయనకి లేదు, అంత ధైర్యం అసలే లేదు. దుకాణంలో ఇస్తే విప్పుతారు. విప్పితే పచ్చటి ముద్ద కనిపిస్తుంది. ఇదేంటంటారు. అక్కణ్ణుంచి ఒక్కొక్క ప్రశ్నా ఆయన రోజూ తనే వేసుకుని తనే జవాబు చెప్పుకునేవాడు. ప్రతిసారీ చివరికి ఆ రాత్రి దగ్గరికే వచ్చేవాడు.

"పూజ చేశామని చెప్పండి, పోయేదేముంది?" అంది వదిన. "ఇక్కడ చర్చిలో మోటార్‌సైకిళ్ళకి దీవెనలివ్వరా?"

"రాత్రంతా బయట ఉందని చెప్పనా?"

"రాత్రి సంగతి ఎవడడిగాడండీ మిమ్మల్ని?"

"అడుగుతారు."

ఆ చలికాలం ఇద్దరు మనుషులు కలిసి నడవడానికి మాత్రం అనుమతి ఉండేది. నేనూ వదినా రోజూ కాలవ గట్టు మీద నడిచేవాళ్ళం. మొదట్లో ఆవిడ మొగుణ్ణి తిట్టేది. పిరికిగొడ్డుని కట్టుకున్నానే కావ్యా అని నెత్తి కొట్టుకునేది. రాను రాను తిట్లు తగ్గాయి. అన్నం సగంలో లేచిపోతున్నాడని చెప్పింది. బెల్ మోగితే బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుంటున్నాడని చెప్పింది. లైసెన్సు ఉన్నవాళ్ళ ఇళ్ళకి చెప్పాపెట్టకుండా తనిఖీకి వస్తారు, ఆ భయం. ఒకరోజు ఉన్నట్టుండి ఆగి, "ఆ గంధం తీసింది నేనే కదా, నాకూ నిద్ర పట్టట్లేదు," అంది. తెలంగాణాలోనైనా ఆంధ్రాలోనైనా అమ్మవారికి గంధం పూయడం తప్పని ఎవరూ నేర్పలేదు.

వాళ్ళు రానే వచ్చారు. ఫిబ్రవరిలో, మంచు పడుతున్న రోజున, మాస్కులు పెట్టుకుని ఇద్దరు. ఒకావిడ, ఒక కుర్రాయన. మర్యాదగా కార్డులు చూపించి, దూరం పాటిస్తామని చెప్పి లోపలికొచ్చారు. హాల్లో మనోజ్ఞ ఆన్‌లైన్ క్లాసులో ఉంది. అన్నయ్య ట్రెసోర్ నంబరు నొక్కబోతే వేళ్ళు తప్పాయి. రెండోసారీ తప్పాయి. ఆవిడ, తొందరేమీ లేదు, నిదానంగా చేయండి అంది. ఆ మంచితనానికి ఆయనకి ఇంకా వణుకు పుట్టిందట.

పిస్టల్ తీసి బయట పెట్టాడు. కుర్రాయన దాని మీది నంబరు సరిచూసుకుని, దాన్ని కిటికీ వైపు తిప్పాడు. పిడి మీద జారకుండా గీతలుంటాయి. ఆ గీతల్లో ఒకచోట ఎర్రగా ఉంది.

"ఇదేంటి?"

అన్నయ్య వదిన వైపు చూశాడు. గుమ్మంలో వదిన కదలకుండా నిలబడింది. అప్పుడు మనోజ్ఞ చెవుల్లోంచి హెడ్‌ఫోన్ తీసి, జర్మన్‌లో, "నాన్నా, అది అమ్మ పెట్టిన..." అని మొదలుపెట్టింది.

"మనూ, నీ క్లాసు చూసుకో," అంది వదిన. గొంతు ఎంత మామూలుగా ఉందంటే ఆ పిల్ల మారు మాట్లాడకుండా తెర వైపు తిరిగింది.

"తుప్పు," అన్నాడు జనార్దనరావు.

"కొత్త పిస్టల్‌కా?"

"తడి... స్టోర్ రూములో కొంచెం తడి."

కుర్రాయన వేలితో రుద్ది చూసి, దుకాణంలో చూపించమని సలహా ఇచ్చాడు. ఆవిడ అంతా సరిగ్గా ఉందంది. ఇద్దరూ వెళ్ళిపోయారు. తలుపు మూశాక అన్నయ్య ఆ గుమ్మంలోనే కింద కూర్చుండిపోయాడు. అప్పటిదాకా తప్పు చేసినవాడు, ఇప్పుడు అధికారుల ముందు అబద్ధం కూడా చెప్పినవాడు. "పాపా, షిల్ మాల్," అని మనోజ్ఞ వచ్చి పక్కన కూర్చుంది. నాన్నా, కంగారు పడకు అని. ఆ పిల్ల చేత కూడా అబద్ధం మోయిస్తున్నానని ఆయన ఏడ్చాడట. ఇదంతా తర్వాత ఆయనే చెప్పాడు.

దాన్ని అమ్మేద్దామా అనుకున్నాడు. కొన్నవాడి చేతిలో పేలితే? కాలవలో పడేద్దామా అనుకున్నాడు. పిస్టల్ ఏదని అడిగితే? ఇక పేల్చకుండా ట్రెసోర్‌లోనే ఉంచి, పౌరసత్వం కాగితం చేతికొచ్చాక అన్నీ చూద్దామని మొగుడూ పెళ్ళాం ఒక మాట మీదికొచ్చారు. తేలు కుట్టిన దొంగ ఎక్కడ అరుస్తాడు?

కానీ హార్ట్‌ముట్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఒంటరి మనిషి, మాట్లాడేవాళ్ళు లేరు. వారానికొకసారి చేసి, టీకా మొదటి డోసు అయిందని, తోటలో ముల్లంగి వేశానని, క్లబ్బు తెరవగానే నీ కొత్త పిస్టల్ సంగతి చూద్దామని చెప్పేవాడు. అన్నయ్య సరే సరే అనేవాడు. ఫోన్ పెట్టేశాక స్టోర్ రూముకెళ్ళి ట్రెసోర్ తలుపు లాగి చూసుకునేవాడు.

ఎండాకాలంలో క్లబ్బు తెరిచారు. అదే వారం పౌరసత్వం ఆఫీసు నుంచి కబురు వచ్చింది, నెలాఖరుకి టెర్మిన్, అంటే రమ్మన్న తేదీ. వదిన కవరు చింపి, కళ్ళు తుడుచుకుని, మొగుడికి గట్టిగా చెప్పింది. "వినండి. ఈ నెల గడిచేదాకా ఆ క్లబ్బు గుమ్మం తొక్కకండి. కాగితం చేతికొచ్చాక మీ ఇష్టమొచ్చినట్టు చెప్పుకోండి." ఆయన నడుం నొప్పని రెండు సోమవారాలు తప్పించుకున్నాడు. మూడోసారి హార్ట్‌ముట్ ఫోన్ చేసి, "ఒంట్లో బాగోలేని సంగతేమైనా దాస్తున్నావా? నేనే మీ ఇంటికొస్తాను," అన్నాడు. ఇంటికొస్తే ఆ ముసలాయన కళ్ళలోకి చూడాలి. దానికంటే క్లబ్బు నయమనిపించింది. పిస్టల్ పట్టుకెళ్ళకపోతే ఏదని అడుగుతాడని పెట్టెలో పెట్టి తాళం వేసి తీసుకెళ్ళాడు. గాలి పిస్టల్‌తో కాసేపు కాల్చి, ఇది ఇవాళ వద్దని ఏదో ఒకటి చెప్పి వచ్చేద్దామని ఆయన ఎత్తు.

ఆ రోజు క్లబ్బులో నలుగురైదుగురు ఉన్నారు. అందరూ చెవులకి శబ్దం తగలకుండా డిప్పలు పెట్టుకున్నారు. నెలల తర్వాత తుపాకుల చప్పుడు విని హార్ట్‌ముట్ పెళ్ళింట్లో పెద్దలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. చేతికి ఎర్ర పట్టీ కట్టుకున్నాడు, అక్కడ ఆ రోజు ఎవరి మాట వినాలో చెప్పే పట్టీ అది. అన్నయ్యని చూడగానే భుజం చరచబోయి, దూరం పాటించాలని గుర్తొచ్చి మోచెయ్యి చాపాడు. పెట్టె తాళం తీయించాడు.

"నునుపెక్కిందేమో చూద్దాం," అని పిస్టల్ తనే తీసుకుని బల్ల దగ్గర నిలబడ్డాడు.

"హార్ట్‌ముట్, ఆగు," అన్నాడు జనార్దనరావు.

డిప్పలు పెట్టుకున్న మనిషికి ఆ గొంతు వినపడలేదు. అది అరుపు కాదు. అరవాలంటే అందరూ చూస్తారు. ఆయన అరవలేదు. హార్ట్‌ముట్ గుండ్లు పెట్టి, పైభాగాన్ని వెనక్కి లాగి వదిలాడు.

అది తనంతట తనే పేలింది.

బల్ల అంచు చెక్క లేచిపోయింది. ఆ అంచు మీద హార్ట్‌ముట్ ఎడమ చెయ్యి ఆన్చి ఉంది, చీలికకీ ఆ చేతికీ మధ్య జానెడు లేదు. గుండు ఎదురుగా ఉన్న మట్టికట్టలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. మిగతావాళ్ళు కాల్చడం ఆపి ఇటు తిరిగారు.

హార్ట్‌ముట్ పిస్టల్ ఖాళీ చేసి కింద పెట్టాడు. డిప్పలు తీశాడు. తన కుడి చూపుడువేలు మొహం దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాడు.

"నా వేలు తగిలింది," అన్నాడు. "నాకు తెలియనే లేదు."

మిగతావాళ్ళు దగ్గరికొచ్చారు. ఒకరు నీళ్ళిచ్చారు. పోనీలే, ఎవరికైనా జరుగుతుంది అన్నారొకరు. వెనక నుంచి ఒకాయన, వయసు కూడా చూసుకోవాలి కదా అని మెల్లగా అన్నాడు. ఆ మాట ముసలాయనకి వినపడింది. ఇన్నేళ్ళలో ఆయన చేతిలో ఒక్క గుండు కూడా తప్పు పేలలేదు, ఆ సంగతి ఆ ఊరంతా ఎరుగును. చేతి పట్టీ విప్పి, మడిచి, బల్ల మీద పెట్టాడు.

"ఇక నేను చాలిస్తాను. నేను ఇక్కడ ఉండటం మీకు ప్రమాదం."

జనార్దనరావు వైపు ఎవరూ చూడట్లేదు. ఇన్ని నెలలుగా ఆయన ఏ ప్రశ్నకి భయపడి చచ్చాడో ఆ ప్రశ్న ఇక ఎవరూ అడగరు. పిస్టల్ మీద అనుమానం లేదు, ముసలివాడి వేలి మీద ఉంది. పెట్టె మూసుకుని ఇంటికెళ్ళిపోవచ్చు. నెలాఖరుకి టెర్మిన్ ఉంది. వదిన ఆ రోజుకి కొత్త చీర కూడా తీసి పెట్టుకుంది. ఆ క్షణంలో ఇవన్నీ గుర్తొచ్చాయని ఆయన నా దగ్గర దాచలేదు. కాళ్ళు నిజంగానే తలుపు వైపు తిరిగాయట.

"నీ వేలు కాదు," అన్నాడు.

ఎవరూ వినిపించుకోలేదు. ఈసారి అరిచాడు. జర్మనీకొచ్చాక ఆయన గొంతెత్తి అరవడం అదే మొదలు.

"ఆయన వేలు కాదు. వేలు ట్రిగ్గర్ మీద లేదు, నేను చూశాను. పిస్టల్‌లో తప్పుంది. నాకు ముందే తెలుసు."

ఆ తర్వాత జర్మన్ తడబడింది. గంధానికి మాట దొరకలేదు, గంధం అనే అన్నాడు. దేవత, పండుగ, చెక్క అరగదీసిన ముద్ద, మా ఆవిడ కాదు నేనే పెట్టాను, రాత్రంతా హాల్లో బయటే ఉంది, ట్రెసోర్‌లో పెట్టలేదు, తనిఖీకి వచ్చినవాళ్ళకి తుప్పని అబద్ధం చెప్పాను. ఒకదాని మీద ఒకటి, ఎవరూ అడగకముందే, అన్నీ చెప్పేశాడు.

హార్ట్‌ముట్ బల్ల మీది పిస్టల్‌ని తన వైపు జరుపుకున్నాడు. తర్వాత అడిగాడు.

"శరదృతువు నుంచీ తెలుసా?"

"తెలుసు."

"ప్రతి వారం నాతో ఫోన్‌లో మాట్లాడావు."

"మాట్లాడాను."

"ఇప్పుడు వీళ్ళందరూ విన్నారు. ఇది నేను రాసి పంపాలి. నీ లైసెన్సు పోతుంది. ఇంకేం పోతుందో నాకు తెలియదు."

"రాసి పంపు," అన్నాడు జనార్దనరావు. "నీ వేలు కాదని కూడా రాయి."

ముసలాయన బెంచీ మీద కూర్చున్నాడు. రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. మాస్కు తడిసిపోయేదాకా ఏడ్చాడు. తనకింకా వేలు స్వాధీనంలో ఉందన్న ఊరటో, మోసపోయానన్న కోపమో, రెండూనో. లేచాక పట్టీ మళ్ళీ కట్టుకున్నాడు. అన్నయ్యని మాత్రం బయటికి వెళ్ళమన్నాడు.

పిస్టల్ విప్పితే లోపల ఎండిన గంధం, అందులో ఇరుక్కున్న అక్షింత ముక్క దొరికాయి. లైసెన్సు రద్దయింది, పిస్టల్ తీసేసుకున్నారు. పౌరసత్వం టెర్మిన్ వాయిదా వేశారు, ఎప్పటికన్నది చెప్పలేదు. వదిన చీర బీరువాలో పెట్టేసింది. కొన్నాళ్ళు మొగుడితో మాట్లాడలేదు. నడకకి వచ్చినప్పుడు నాతో, "చెప్పకుండా వచ్చి ఉంటే నేనే ఆయన్ని మెచ్చుకునేదాన్ని కావ్యా, అదే భయంగా ఉంది," అంది. ఆ మాట నాకూ తగిలింది, నేనూ మెచ్చుకునేదాన్నే.

అన్నయ్య భయం తగ్గిందని కథల్లోలాగా చెప్పలేను. కవర్లు ఇప్పటికీ వదినే చింపుతుంది. చెట్లు ఆకులు రాల్చే రోజుల్లో, ఒక సోమవారం, ఆయన ట్రామెక్కి క్లబ్బుకి వెళ్ళాడు. క్లబ్బు గాలి పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. రానిస్తారో రానివ్వరో తెలియక వాకిట్లో వాన చినుకుల్లో నిలబడ్డాడు. లోపల్నుంచి హార్ట్‌ముట్ చూశాడు. వచ్చి తలుపు తీశాడు కానీ లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనలేదు. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు, అంతే.

ఈయన లోపలికెళ్ళి బల్ల ముందు నిలబడ్డాడు. హార్ట్‌ముట్ గాలి పిస్టల్ తెచ్చి ముందు పెట్టాడు. మిగతావాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. జనార్దనరావు పిస్టల్ ఎత్తాడు. చెయ్యి వణుకుతోంది, వణుకుతోందని అందరికీ కనిపిస్తోంది.

హార్ట్‌ముట్ ఆయన పక్కనే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణుంచి కదల్లేదు.